గొడుగు బావ పాట పట్టిన సంగతి

తొమ్మిదో తరగతిలో నేను బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా లెక్కల సారు అంటాడు గానీ, ఆయన లెక్కలు నాకెప్పుడూ అర్థం కాలేదు. ప్రార్థనలో నేను గొంతెత్తితే ముందు వరసల పిల్లలందరూ వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. దేవుడు మాత్రం ఒక్కసారీ తిరగలేదు. అలాంటి గొంతు పెట్టుకుని ఇవాళ నేను ఒక పాటల కంపెనీకి సగం యజమానిని.

కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. నంద్యాల నూనెపల్లెలో పెళ్ళిళ్ళకూ జాతరలకూ మైకుసెట్లు బాడుగకిచ్చే గది నాది. సౌండు బాక్సుల వెనక మిగిలిన చోట గోడలకు పాత పరుపులు కట్టి, ఒక ల్యాప్‌టాప్, ఒక మంచి మైకు పెట్టాం. మిగతా సగం యజమాని కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పే సారు. గిటారు వాయిస్తాడు, పాటలు తనే రాసి తనే పాడతాడు. నాకంటే చిన్నవాడైనా సారూ అంటాను. చదువుకు నేను చేసిన మర్యాద అదొక్కటే.

పాణ్యం పెట్రోలు బంకులో పనిచేసే పిల్లనగ్రోవి ఆయన, గడివేముల నుంచి తంబురను ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చే తత్వాల ముసలాయన, ఇలా అయిదారుగురు మా దగ్గర పాడతారు, వాయిస్తారు. మా పాటలు కొందరు ఫోన్లలో వింటారు. ట్రాక్టర్లున్నవాళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేయించుకుంటారు. ఈ దేహం నిలిచేది కాదని ముసలాయన పాడుతుంటే వెనక ట్రాలీలో యూరియా మూటలు నిశ్చింతగా పోతుంటాయి.

మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో ఆళ్లగడ్డ దగ్గర పల్లె నుంచి ఒక పెద్దమ్మ మా గదికి వచ్చింది. వరినాట్లలో పాట చెప్పే మనిషి. నాట్లప్పుడు ఒకరు చరణం చెప్తారు, మిగిలిన ఆడవాళ్ళు దాన్ని అందుకుంటారు. ఆమె గుంపులో మొత్తం పదకొండు మంది.

కూర్చుంటూనే చెప్పేసింది. “గొంతులో గడ్డ ఉండాదంట నాయనా. కర్నూల్లో కోస్తారు. కోసినాక గొంతు ఎట్లుంటాదో చెప్పలేమంటాండారు.”

“భయమైతాందా పెద్దమ్మా?”

“నాకేం భయమప్పా? ఇంట్లో మాట్లాడేదానికి కోడలుండాది, ఊరందరికీ సరిపోతాది. పాట చెప్పేదానికే ఎవురూ లేరు. నువ్వు నా పాట పట్టియ్యి. నాట్లప్పుడు ఫోను గట్టు మీద పెట్టుకుంటాం. అది చెప్తాది, మావోళ్ళు అందుకుంటారు.”

ఇంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరు. మాట నా చెవిలో పడింది. లోపలికి పోవడానికి దారి దొరకలేదు.

ఆమె పట్టమన్నది గొడుగు బావ పాట. నంద్యాల అంగట్లో కొత్త గొడుగు కొన్న బావ, వాన పడితే అది తడుస్తుందని చంకలో దాచుకుని ఇంటికొస్తాడు. దారిలో కనబడిన ప్రతివాళ్ళూ ఒక మాట అంటారు, ఆయన గొడుగుకు ఇంకో గుడ్డ చుడతాడు. గుంపులో మిగిలినవాళ్ళు మిరప కోతలకు పోయారు కాబట్టి ఆమె ఒక్కతే పాడింది. ఒక్కో చరణం చెప్పి ఆగేది. కళ్ళు మూసుకునేది. గాజులు కాస్త కదిలేవి. తర్వాత గొంతులోనే “ఊఁ” అనుకుని మళ్ళీ ఎత్తుకునేది. చరణాలు మరిచిపోతోంది, ఆపరేషన్ దిగులు పాపం అనుకున్నాను.

ఆమె వెళ్ళాక సారు ల్యాప్‌టాప్‌లో చూశాడు. “పది నిమిషాలు ఎవురింటారన్నా? కొంచెం బిగించు.”

బిగించడమంటే నాకు సరదా. ల్యాప్‌టాప్ తెర మీద గొంతు ఉన్నచోట గుట్టలు, లేనిచోట బయలు. బయలంతా కత్తిరించి గుట్టకు గుట్ట అతికించాను. పది నిమిషాల పాట నాలుగు నిమిషాలైంది. దాని కింద సారు గిటారు పరిచాడు. ఇద్దరం ఒకరి వీపు ఒకరు తట్టుకున్నాం.

మైకుసెట్టువాడికి ఒక అలవాటుంటుంది. ఇవాళ్టి పెళ్ళి అయిపోతే మెమరీ కార్డు తుడిచి రేపటి పెళ్ళికి పెట్టుకుంటాడు. నేను కత్తిరించిన పాటను పాత పేరుతోనే, పాతదాని మీదే దాచి, మైకు కార్డు తుడిచేసి, మర్నాడు సంజామలలో ఎవరిదో పెళ్ళికి పట్టుకుపోయాను. పెద్దమ్మ అసలు పాట అలా పోయింది.

ఆపరేషన్ అయింది. మనిషి బాగుంది. గొంతు మాత్రం బొంగురు పోయింది. మాట పలుకుతుంది, పాట ఎక్కదు.

కాలువకు నీళ్ళు వదిలాక నన్నూ సారునూ మడి దగ్గరికి పిలిచారు. మేం సన్మానానికి పోతున్నట్టు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని పోయాం. పెద్దమ్మ మెడకు తువ్వాలు చుట్టుకుని గట్టు మీద కూర్చుంది. కోడలు ఫోనుకు చిన్న స్పీకరు తగిలించి పాట పెట్టింది. పదిమందీ నారు పట్టుకుని వంగారు.

మొదటి చరణం అయింది. అందుకోవడానికి వాళ్ళు నోరు తెరిచేలోపే రెండోది వచ్చి పడింది. రెండోదాన్ని అందుకోబోతే మూడోది. కొందరు పాట వదిలి నారు నాటారు, కొందరు నారు వదిలి పాట పట్టుకోబోయారు. నాటు వరస పాము పోయినట్టు పోయింది.

కోడలు నడుం పట్టుకుని నిలబడింది. “మా అత్తను ఎద్దు ఏమన్నా తరుముకుంటాందా అన్నా? ఊపిరి కూడా తీసుకోకుండా పాడతాండాది!”

అందరూ నవ్వారు. నవ్వించే పని మామూలుగా నాది. పెద్దమ్మ నవ్వలేదు. పాట అయిపోయేదాకా విని, “ఇది నాది కాదప్పా” అంది. లేచి ఇంటికి పోయింది. ఆ పూట పాట లేకుండానే నాట్లు సాగాయి. నాటేవాళ్ళు వెనక్కి నడుస్తారు. చరణం చెప్పేటప్పుడు నాటి, అందుకునేటప్పుడు ఒక అడుగు వెనక్కి వేస్తారు. పాట లేకపోతే ఒకరు ముందు, ఒకరు వెనక. ఆమె ఆగిన చోటల్లా పదిమంది అడుగులున్నాయని నాకు అక్కడ గట్టు మీద నిలబడితే గానీ తెలియలేదు.

తిరుగు బస్సులో సారు అడిగాడు. “అసలుది ఉండాది గదన్నా?”

“సంజామల పెళ్ళికూతుర్ని అడగల్ల,” అన్నాను. ఆయనా నవ్వలేదు. ఆ రోజు నాకు బాగా లేదు.

కోసిన చోట్ల మళ్ళీ ఖాళీ పెట్టడం కష్టమేమీ కాదు. ఎంత పెట్టాలన్నదే తెలియలేదు. మర్నాడు ఒక్కణ్ణే పోయి మడిలో దిగాను. వాళ్ళ వరస చివర నారు పట్టుకుని నిలబడి, కోడలు ఒక్కో చరణం మాటల్లో చెప్తుంటే మిగిలినవాళ్ళు ఎంతసేపు అందుకుంటారో ఫోనులో చూసుకున్నాను. నేను నాటిన నారు సాయంత్రానికి తేలిపోయిందట. నంద్యాలకొచ్చి గిటారు తీసేసి, చరణానికీ చరణానికీ మధ్య ఆ కొలతే పెట్టుకుంటూ పోయాను.

మూడోసారి మడికి పోయినప్పుడు పెద్దమ్మ రానంది. కోడలు బతిమాలి గట్టు దాకా తెచ్చింది. పాట పెట్టాం. చరణం అయింది, వాళ్ళు అందుకున్నారు, అడుగు వేశారు. బాగానే ఉందనుకున్నాను. అయితే పాట మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందో వాళ్ళకు తెలియడం లేదు. నేను పెట్టిన ఖాళీలో ఏమీ లేదు, కరెంటు పోయినట్టుంది. రెండో చరణం ఉలిక్కిపడేలా వచ్చింది. ఒకామె చేతిలో నారు జారింది.

అప్పుడు గట్టు మీద నుంచి “ఊఁ” అని వినిపించింది.

బొంగురు గొంతే. ఆ ఒక్క ఊఁకు అది చాలింది. మూడో చరణానికి ముందు ఊఁ, నాలుగో దానికి ముందు ఊఁ. ఫోను చెప్తోంది, పదిమంది అందుకుంటున్నారు, మళ్ళీ ఎప్పుడు వంగాలో ఆమె చెప్తోంది. బావ గొడుగుకు గుడ్డలు చుట్టి చుట్టి ఇల్లు చేరేసరికి వరస నిటారుగా వచ్చింది. సారు గిటారు పెట్టెలోంచి తీయలేదు. నేను మైకు పట్టుకుని బురదలో నిలబడి మొత్తం పట్టాను. ఈసారి కార్డు తుడవలేదు. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆ పాట పదకొండు నిమిషాలు. అలాగే విడుదల చేశాం. మధ్యలో ఊఁలు ఎవరివని కొందరు అడిగారు. ఎక్కువమంది ఏమీ అడగలేదు.

నాట్లు అయిపోయాక పెన్‌డ్రైవ్ ఇవ్వడానికి పెద్దమ్మ ఇంటికి పోయాను. కోడలు టీ పెట్టింది. నేను మొదలుపెట్టాను. ఖాళీలు ఎట్లా కొలిచానో, ఏ చరణం దగ్గర ఎంత చిక్కు వచ్చిందో, నేను కత్తిరించబట్టే కదా ఆమె మళ్ళీ గట్టు మీదికి వచ్చింది, లేకపోతే ఇంట్లో కూర్చునేది కదా అని, టీ చల్లారిపోయేదాకా చెప్పాను. పెద్దమ్మ రెండుసార్లు నోరు తెరిచింది, రెండుసార్లూ మూసుకుంది. చివరికి నేను గ్లాసు ఎత్తి గుక్క మింగుతుండగా ఆ బొంగురు గొంతుతోనే అంది.

“పాటలో సందు లేకుండా చేసినోనివి, నీ మాటల్లోనూ సందు లేకపాయె. మేం యాడ అందుకోవల్ల నాయనా?”