బుస్సా? పుస్సా?

మా బావ కార్ల మెకానిక్కు. ఊళ్ళో అందరూ ఆయన్ని చెవి డాక్టరంటారు. బానెట్ ఎత్తకుండా, శబ్దం విని జబ్బు చెప్పేస్తాడని పేరు. ఆ పేరులో డాక్టరు ఇప్పటికీ నిజమే. చెవే రెండేళ్ళ కిందట అబద్ధమైపోయింది. సన్నటి శబ్దాలు ఆయనకి బొత్తిగా వినపడవు. మాటల్ని కూడా సగం వినీ, సగం పెదాలు చూసీ నెట్టుకొస్తున్నాడు.

ఈ గుట్టు నా ఒక్కడికే తెలుసు. షెడ్డు పక్కనే నాది విడిభాగాల కొట్టు. పైగా బావమరిదిని, ఎక్కడికి పోతాను? "మీ అక్కకి తెలిసిందంటే షెడ్డుకి తాళమేరా" అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. "కార్ల కింద దూరే మనిషి, తప్పుకోమని అరిస్తే వినపడకపోతే ఎలాగంటుంది. ఇంట్లో కూర్చోబెడుతుంది. కూర్చుని ఏం చెయ్యను? గోళ్ళు గిల్లుకోనా?" అన్నాడు. అలా అన్నప్పుడు ఆయన మొహం చూసి నాకు నవ్వు రాలేదు. మా బావతో నవ్వు రాని సందర్భాలు చాలా తక్కువ.

చెవి మొరాయించాక వైద్యం సాగడానికి ఆయనే ఒక పద్ధతి కనిపెట్టాడు. కారు తెచ్చినవాళ్ళని ఎదురుగా నిలబెట్టి, "శబ్దం మీ నోటితో చేసి చూపించండి. కారు బాధ ఓనరు నోట్లోనే తెలుస్తుంది" అనేవాడు. జనం దాన్ని మహావిద్య అనుకున్నారు. సూటు వేసుకున్న బ్యాంకు మేనేజరు షెడ్డు నడిమధ్య నిలబడి "కుయ్యి కుయ్యి" అన్నాడు. బెల్టు వదులైందని తేలింది. ఒక పెద్ద వకీలు స్టీరింగు తిప్పుతున్నట్టు చేతులు ఊపుతూ, "టకటకటక" అంటూ గుండ్రంగా తిరిగాడు. ముందు చక్రాన్ని తిప్పే ఇరుసు జాయింటు పోయింది. గరగర అంటే చక్రం బేరింగు. మన భాషలో ఇన్ని చప్పుళ్ళు ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మా బావ ఎప్పుడో వీధిన పడేవాడు.

చిక్కల్లా ప, బ, మ దగ్గరే. మూడింటికీ పెదాలు ఒకేలా కలుస్తాయి. ఒకరోజు టాక్సీ డ్రైవరు వచ్చి, "బుస్సుమంటోందన్నా" అన్నాడు. బావ పెదాలు చూసి పుస్సుమంటోందనుకున్నాడు. నాలుగు టైర్లకీ సబ్బు నురగ రాసి, బుడగలు ఎక్కడొస్తాయా అని గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. ఆయన వెనక బానెట్ సందుల్లోంచి రేడియేటరు ఆవిరి కక్కుతోంది. "అన్నా, బుస్సు! బుస్సు!" అని డ్రైవరు మొత్తుకుంటున్నాడు. "అదే కదయ్యా చూస్తున్నా, కంగారెందుకు?" అంటాడు ఈయన. చివరికి నేను పరుగెత్తుకెళ్ళి భుజం పట్టి వెనక్కి తిప్పాను. ఆవిరి చూసి కూడా తడబడలేదు, ఘటం. "టైర్లు కూడా ఒకసారి చూస్తే మంచిదని" అంటూ సర్దేశాడు. అప్పట్నుంచి కస్టమరు వెనక నిలబడి నేను సైగలు చేస్తున్నాను.

అలా రోజులు వెళ్ళదీస్తుంటే, రిటైరైన హెడ్మాస్టరమ్మ తన పాత తెల్ల కారు వేసుకుని వచ్చింది.

"ముందు చక్రం దగ్గర ఏదో చప్పుడయ్యా" అంది.

"నోటితో చేసి చూపించండి మేడమ్."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "నలభై ఏళ్ళు పిల్లల్ని అల్లరి చెయ్యొద్దని చెప్పిన నోరు ఇది. ఈ వయసులో కూతలు కూయమంటావా? నువ్వే ఎక్కి విను."

సరిగ్గా అప్పుడే అక్క భోజనం క్యారేజీతో వచ్చింది. "నువ్వూ ఎక్కమ్మా, సరదాగా తిరిగొద్దాం" అంది హెడ్మాస్టరమ్మ. బావ ముందు, నేనూ అక్కా వెనక. పక్కన అక్కని పెట్టుకుని నేనేం సైగ చెయ్యను? చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

కారు వీధి మలుపు దాటగానే కీచుమని మొదలైంది. సైకిలు మీద వెళ్ళే మనిషి చెవి మూసుకున్నాడు. మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ తొంగి చూసింది. బావ మాత్రం కళ్ళు మూసుకుని, సంగీతం వింటున్నవాడిలా తల పంకించాడు.

"ఇప్పుడు లేదు మేడమ్. ఇంజను వేడెక్కాక తగ్గింది" అన్నాడు.

హెడ్మాస్టరమ్మ కారు పక్కకి తీసి ఆపింది. ఆయన వైపు తిరిగి, మెల్లగా అడిగింది: "నీకు వినపడటం లేదా నాయనా?"

ఆ పెదాలు ఆయనకి బాగానే అర్థమయ్యాయి. ఒళ్ళో ఉన్న స్పానరుని తిప్పుతూ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అక్క ముందుకి వంగి, బావ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. నోరు బారెడు తెరిచి, "కీ...చ్! కీ...చ్!" అంది. "ఎడమ ముందు చక్రం. బ్రేకు నొక్కితే ఆగుతోంది. వదిలితే మళ్ళీ వస్తోంది."

"కాదమ్మా, చివర అంత ఒత్తకూడదు" అంది హెడ్మాస్టరమ్మ, ఉండబట్టలేక. "ఇంకా సన్నగా. కీఁ...చ్."

బావ ఇద్దరి నోళ్ళూ మార్చి మార్చి చూశాడు. "బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి" అన్నాడు. "అరిగాయని చెప్పడానికే ప్యాడుకి చిన్న రేకు ఉంటుంది మేడమ్. అది డిస్కుకి రాసుకుని అరుస్తోంది. ఇప్పుడే మార్చేస్తే డిస్కు దక్కుతుంది."

గంటలో ప్యాడ్లు మార్చి ఆవిడని పంపించాం. షెడ్డులో ముగ్గురమే మిగిలాం.

"ఎప్పట్నుంచి తెలుసే?" అన్నాడు బావ.

"రెండేళ్ళ నుంచి. నేను వంటింట్లోంచి ఒక మాటంటే మీరు నాలుగు అనేవారు. ఉన్నట్టుండి మానేశారు. మనిషి మారాడని మొదట్లో మురిసిపోయాను. ఒకరోజు మీ వెనకే నిలబడి మీ అమ్మగారిని కూడా కలిపి తిట్టాను. మీరు కదల్లేదు. అప్పుడు తెలిసింది." అక్క క్యారేజీ గిన్నెలు విప్పుతూ తల దించుకుంది. "మీరే చెబుతారని చూశాను. క్యారేజీ తెచ్చినప్పుడల్లా, కారు కింద మీరున్నంతసేపూ ఇక్కడే నిలబడుతున్నాను, చూళ్ళేదా?"

"షెడ్డు మూయమంటావా?"

"షెడ్డెందుకు మూయడం? చెవికి మిషను పెట్టించుకోండి. రెండేళ్ళుగా ఒక్కదాన్నే పోట్లాడుతున్నానండీ. ఎంతకని పోట్లాడను?"

పది రోజులకి మిషను వచ్చింది. ఇంటికి రాగానే వంటింట్లోంచి అక్క మొదలుపెట్టింది. చెప్పులు గుమ్మంలోనే విడిచినందుకు బావని, అలా పెంచినందుకు అత్తగారిని. బావ చెప్పులు చేత్తో పట్టుకుని, ఆఖరి మాట దాకా విన్నాడు.

"మా అమ్మ జోలికి రాకు" అన్నాడు.

అక్క గరిటె పట్టుకునే వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే అత్తగారిని ఇంకో మాట అంది.