లవంగానికి ఎదురుగా ఏముంది?

రీజనింగ్ పేపర్లో డబ్బాల లెక్కలు పెట్టాలని ఎవడికి తోచిందో గానీ, వాడి నోట్లో మన్ను పడ! విప్పి పరిచిన అట్టపెట్టె బొమ్మ ఒకటి ఇస్తారు. దాన్ని మనసులోనే మడిచి, తిప్పి, చుక్కకు ఎదురుగా ఏ గుర్తు వస్తుందో చెప్పాలట. కోచింగ్ సారు "కళ్లు మూసుకోండి, డబ్బా దానంతటదే తిరుగుతుంది" అనేవారు. నేను మూసుకుంటే చీకటి తప్ప ఏమీ కనిపించేది కాదు. మిగతా లెక్కలన్నీ వచ్చు. ఈ డబ్బాల దగ్గరే ప్రతిసారీ క్లర్కు ఉద్యోగం చేజారింది. వయసు ప్రకారం ఇదే ఆఖరిసారి.

మాది సంతోష్‌నగర్‌లో పాల దుకాణం. ప్యాకెట్ పాలు వచ్చాక గిరాకీ పడిపోయింది. మిగిలిన పాలు కాచి కోవా చేసి అమ్ముతాం. ఇల్లు నిలబడాలంటే నాకు కొలువు రావాల్సిందే. ఒకరోజు గల్లా దగ్గర కూర్చుని పుస్తకం నేలకేసి కొడితే బాపు చూశాడు.

"ఏంది బిడ్డా, ఆ పుస్తకం ఏం జేసింది నిన్ను?"

చెప్పాను. ఆయన గట్టిపడిన కోవాను నలుచదరంగా కోసి, ఒకవైపు లవంగం, ఒకవైపు యాలక్కాయ, ఒకవైపు జీడిపప్పు, ఇలా అన్ని వైపులా ఏదో ఒకటి గుచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇగ తిప్పు. లవంగం ఎదురుంగ ఏమున్నది?"

చేతిలో ఉంటే ఎందుకు తిరగదు! గిరాకీ లేనప్పుడల్లా అదే పని. మెట్ల ఆకారం, మూల విరిగిన ఆకారం, అన్నీ కోవాతోనే కోశాడు. పాలకు వచ్చే చాచా, బిడ్డకు మిఠాయి పాఠాలు చెబుతున్నావా అని నవ్వేవాడు: "క్యా భాయ్, బేటీకు మిఠాయి పఢారే క్యా?" కొన్నాళ్లకు బాపు కోవా లాక్కుని, "ఇప్పుడు ఉత్త చేతులతోని తిప్పు" అన్నాడు. ముక్కను పట్టుకున్నట్టే వేళ్లు తిప్పితే చాలు, లవంగం ఎటు పోయిందో తెలిసిపోయేది. మాక్ టెస్టుల్లో ఒక్కటీ తప్పు పోలేదు. ఈసారి కొలువు నాదే అనుకున్నాను, పిచ్చిదాన్ని.

పరీక్ష హాల్లో కంప్యూటర్ తెర మీద మొదటి డబ్బా రాగానే నా చేతులు గాల్లోకి లేచాయి. ఇటు తిప్పాను, అటు తిప్పాను. ఇన్విజిలేటర్ మేడం గబగబా వచ్చి పక్కన నిలబడింది.

"ఏందా సైగలు? ఎవ్వలకు జూపిస్తున్నవ్ ఆన్సరు?"

"ఎవ్వలకు లేదు మేడం. డబ్బా తిప్పుకుంటున్న."

"ఏ డబ్బా?" నా ఖాళీ చేతులకేసి చూసింది. "చేతులు కిందికే ఉండాలె. మళ్ల లేస్తే బయటికి పంపిస్త."

ఆమెనని ఏం లాభం? వేళ్లతో ఆప్షన్ నంబర్లు చూపించుకునే వాళ్లను ఎంతమందిని పట్టుకుందో. కుడి చెయ్యి మౌస్ మీద పెట్టి, ఎడమ చెయ్యి తొడ కింద నొక్కి పెట్టుకున్నాను. అంతే, డబ్బాలన్నీ బిగుసుకుపోయాయి. ఒక్కటీ కదల్లేదు. ఏడుపొచ్చింది. ఆ మసక కళ్లతోనే తోచిన ఆప్షన్ నొక్కుకుంటూ పోయాను.

ఫలితాల్లో నా నంబరు లేదు. చేతుల సంగతి బాపుకు చెప్పలేదు. చెబితే, నేర్పింది తానే కదా అని లోలోపల కుమిలిపోతాడు.

"క్వశ్చన్లు మస్తు కష్టమొచ్చినయ్ బాపూ" అన్నాను.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. వచ్చే ఏడు రాస్తవ్ తియ్" అన్నాడు, నా మొహం చూడకుండా.

నా వయసుకు వచ్చే ఏడు లేదని ఆయనకు తెలుసు.