పళ్ళాయన చెప్పిన సినిమా

ఆ వీధిలో ఆయన్ని అందరూ పళ్ళాయన అనేవారు. ముగ్గురు పంటి డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసి ఇచ్చేది ఆయనే. ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, దాని మీద వరసగా పళ్ళ అచ్చులు, మైనం కరిగించే చిన్న దీపం, ఎవరి పళ్ళకు ఏ రంగు నప్పుతుందో చూసుకునే రంగుల పట్టీ. చుట్టుపక్కల పెద్దవాళ్ళు సగంమంది నోరారా నవ్వుతున్నారంటే అది ఆయన చలవే. ఆయన నవ్వగా మాత్రం చూసినవాళ్ళు లేరు. కోపిష్ఠి కాదు, దిగులు మనిషీ కాదు. ఎవరైనా జోకు చెబితే తల ఊపుతూ శ్రద్ధగా వినేవాడు. అంతా అయ్యాక, "తర్వాత?" అనేవాడు.

భార్య సంగతి వేరు. పోస్టాఫీసు కౌంటర్లో కూర్చునే ఆవిడకు నవ్వు రావడానికి జోకే అక్కర్లేదు, జోకు వస్తోందన్న అనుమానం చాలు. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళుగా ప్రతి ఆదివారం ఇద్దరూ మ్యాట్నీకి వెళ్ళేవారు, అదీ హాస్య సినిమా అయితేనే. ఆవిడ పగలబడి నవ్వుతూ మోచేత్తో ఆయన్ని డొక్కలో పొడిచేది. ఆయన ముందుకు వంగి తెర మీది పళ్ళు చూసేవాడు. ఇంటర్వెల్లో, "బాగుంది కదండీ?" అంటే, "పై వరస బాగుంది," అనేవాడు.

అలా సాగిపోతుండగా ఆవిడకు పిత్తాశయంలో రాళ్ళు తేలాయి. ఆపరేషను చేసి పదకొండు కుట్లు వేశారు. ఇంటికి పంపిస్తూ సర్జన్ మూడు సంగతులు చెప్పారు. బరువులు ఎత్తొద్దు. దగ్గొస్తే పొట్టకు దిండు అదుముకోవాలి. నెల రోజులు గట్టిగా నవ్వొద్దు.

"నవ్వు నాలుగు విధాల చేటని మా అమ్మ మొత్తుకునేది. నాకు పదకొండు విధాలు," అంది ఆవిడ. అని నవ్వబోయి, "అబ్బా" అంటూ మంచం పట్టీ పట్టుకుంది.

వాళ్ళ దగ్గరే ఉండి మందుల షాపులో పనిచేస్తున్న మేనకోడలు, అంటే పళ్ళాయన అక్క కూతురు, ఆ రోజే టీవీ రిమోటు దాచేసింది. అత్తయ్య ఫోన్లో ఉన్న నవ్వుల వీడియోలన్నీ తుడిచేసింది. ఆవిడ వారం రోజులు ఓర్చుకుంది. రెండో శుక్రవారం ఆవిడకు ఇష్టమైన నటుడి కొత్త ప్రేమ సినిమా వచ్చింది. పెళ్ళీ, తగాదా, బోలెడంత నవ్వు అని పేపర్లో రాశారు.

"ఏవండీ, మీరెళ్ళి చూసొచ్చి నాకు చెప్పండి," అంది.

"నవ్వకూడదన్నారు కదా."

"అందుకే మిమ్మల్ని పంపిస్తున్నా. మీరు చెబితే ఎవరికి నవ్వొస్తుంది? నాకు కథ తెలుస్తుంది, డాక్టరు మాటా నిలబడుతుంది."

పళ్ళాయనకు ఇందులో తప్పేమీ కనబడలేదు. పళ్ళ కొలతలు రాసుకునే పుస్తకం జేబులో పెట్టుకుని ఆదివారం ఒక్కడే వెళ్ళాడు.

హాల్లో కూర్చున్నాక గాని ఆయనకు చిక్కు తెలియలేదు. ఇన్నేళ్ళూ ఎక్కడ నవ్వు వచ్చిందో తెర చూసి తెలుసుకోలేదు, డొక్కలో పడిన పోటును బట్టి తెలుసుకున్నాడు. ఇప్పుడు పక్క సీటులో ఎవరో గొడుగు పెట్టుకున్నారు. గత్యంతరం లేక జనాన్ని చూశాడు. జనం నవ్వినప్పుడల్లా చీకట్లోనే పుస్తకంలో ఒక గీత గీసి, పక్కన ఎందుకో రాసుకున్నాడు.

సాయంత్రం భార్య మంచం పక్కన కుర్చీ వేసుకుని పుస్తకం తెరిచాడు. మేనకోడలు తలుపు దగ్గర నిలబడింది.

"హీరో రైల్లోంచి ఇంకొకళ్ళ సూట్‌కేసు తెచ్చుకున్నాడు," అని మొదలుపెట్టాడు. "తెరిస్తే ఆడవాళ్ళ బట్టలు. మూసేసి వెనక్కి ఇచ్చేయవచ్చు. ఇవ్వలేదు."

"ఎందుకివ్వలేదు?"

"నేనూ అదే అనుకున్నా. ఇచ్చేస్తే అందరం పావుగంటలో ఇంటికెళ్ళిపోవాలి. టిక్కెట్లు కొన్నాం కదా, అందుకని ఇవ్వలేదు."

ఆవిడ పెదాలు బిగించింది.

"ఆ పెట్టె తాలూకు అమ్మాయికి ఎడమ కోరపన్ను కాస్త ముందుకొచ్చింది. చక్కగా ఉంది. హీరోకి మాత్రం పళ్ళన్నిటికీ పైన తొడుగులే, ఒకటే తెలుపు. ఆ వయసుకి ఆ రంగుండదు. అతను 'నేను నీతో అబద్ధం ఆడలేదు' అని ఏడుస్తుంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ అమ్మాయీ నమ్మలేదు. ఆమె కారణం వేరు."

"అయ్యో, ఆపండి," అంది ఆవిడ దిండు అందుకుంటూ.

"ఇంకా పెళ్ళి దాకా రాలేదు. అక్కడ తొమ్మిది గీతలున్నాయి. పెళ్ళికొడుకు నీళ్ళతొట్టిలో పడ్డాడు, అందరూ నవ్వారు. హాల్లో ఒకాయన మాత్రం అందరూ ఆపేశాక నవ్వాడు. దాంతో అందరూ మళ్ళీ మొదటినుంచి నవ్వారు. తొట్టిలో పడ్డవాడు అప్పటికే బట్టలు మార్చుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు."

ఇంక ఆవిడ వల్ల కాలేదు. దిండు పొట్టకు అదుముకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, "అమ్మో, కుట్లు... నవ్వించకండి" అంటూ నవ్వింది. మేనకోడలు గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది. పళ్ళాయన బెదిరిపోయి పుస్తకం మూసేశాడు. నాలుగు రోజులు సినిమా ఊసెత్తలేదు. ఆవిడ ఎంత బతిమాలినా, "అన్నిటికీ గీతలున్నాయి, కుట్లు మానాక చదువుకో," అన్నాడు.

కుట్లు విప్పే రోజున ఒకచోట ఎర్రగా ఉండడం చూసి, "ఏం చేశారు? బరువెత్తారా?" అనడిగారు సర్జన్.

"ఈయన నవ్వించారు," అంది ఆవిడ.

సర్జన్ పళ్ళాయన మొహం చూశారు. బొత్తిగా నమ్మలేదు. "ఏమన్నారేంటి?" అన్నారు. అడిగారు కదా అని ఆయన సూట్‌కేసు దగ్గర్నుంచి అంతా చెప్పాడు. తొడుగుల దాకా వచ్చేసరికి నర్సు కత్తెర ట్రేలో పెట్టి బయటికి వెళ్ళిపోయింది. కారిడార్లోంచి ఆమె నవ్వు వినిపించింది.

"మావయ్యా, నీలో ఇంత ఉందని ఎవరికీ తెలీదు," అంది మేనకోడలు. ఎంత ఉందో, ఏముందో ఆయనకు అర్థం కాలేదు.

రెండు నెలలకు ఆవిడ కోలుకుంది. ఆ సంబరంలో మేనకోడలు ఇద్దరినీ ఒక కామెడీ షోకి తీసుకెళ్ళింది. ఒకడే మైకు పట్టుకుని గంటన్నర నవ్విస్తాడట. ముందు వరసలో కూర్చున్నారు. ఆ కుర్రాడు హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తూ, నవ్వని మొహం ఒకటి కనబడేసరికి ఆగాడు.

"సార్, మీరేం చేస్తుంటారు?"

"పళ్ళు కడతాను."

"గోడ కట్టినట్టా సార్?"

"గోడకి సిమెంటుంటే చాలు. పళ్ళకి, ఆ మనిషి ఎలా నవ్వుతాడో చూసుకోవాలి. మీ ముందుపన్ను కట్టినవాడు చూసుకున్నాడు. ఎడమవైపుది కదా? మంచి పనివాడు."

హాలు దద్దరిల్లింది. కుర్రాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "మా ఆవిడకి కూడా తెలీదు సార్ ఇది," అన్నాడు. హాలు మళ్ళీ దద్దరిల్లింది. పళ్ళాయనకు మాత్రం చెమటలు పట్టాయి. పాతికేళ్ళ పనిలో ఒకరి పన్ను సంగతి ఇంకొకరి దగ్గర ఎత్తలేదు. అలాంటిది మూడొందల మంది ముందు బయటపెట్టాడు. షో అయిపోగానే వెనక గదికి వెళ్ళి క్షమించమని అడిగాడు.

"క్షమించడమేంటి సార్, వారం వారం రండి," అన్నాడు ఆ కుర్రాడు.

"అసలు నేనన్నదాంట్లో నవ్వడానికి ఏముంది బాబూ?"

"అది తెలిస్తే ఇంక చెప్పలేరు సార్. తెలుసుకోకండి."

ఆయన వినలేదు. తెలుసుకోవాలనే పట్టుబట్టాడు. మూడు వారాలు అద్దం ముందు నిలబడి ఒకే మాట పది రకాలుగా అని చూశాడు. పళ్ళ కోసం వచ్చిన వాళ్ళకు జోకులు చెప్పాడు. ఒక ముసలాయన, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగి వెళ్ళాడు. చివరికి భార్యే, "మీకు దణ్ణం పెడతా, మానేయండి. మామూలుగా ఉండండి," అంది. ఆయనకూ ప్రాణం లేచొచ్చింది.

తర్వాతి ఆదివారం ఇద్దరూ ఒక సినిమాకు వెళ్ళారు. అదీ హాస్యమేనని గోడ మీద రాశారు కాబట్టి తెలిసింది. హాలు చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది. ఆవిడ కూడా నవ్వలేదు. హీరో అరటితొక్క మీద కాలేసి జారిపడ్డాడు. అప్పుడు వెనక వరసలో ఎవరో పసిపిల్ల స్పష్టంగా, "చూసుకుని నడవాలి కదా," అంది.

పళ్ళాయన నవ్వాడు. చాలాకాలం మూలపడి ఉన్న మోటారు కదిలినట్టు మొదట గురగురమంది, తర్వాత ఆగలేదు. ఆయన నవ్వు చూసి ముందు వరస తిరిగింది, తిరిగినవాళ్ళు నవ్వారు, అలా హాలంతా పాకింది. భార్య మాత్రం నవ్వకుండా, తెర వెలుగులో ఆయన నోట్లోకే చూస్తోంది.

"మీకక్కడ పన్ను లేదా?" అంది.

"లేదు. పెళ్ళికి ముందే పోయింది."

"ఇన్నేళ్ళూ కట్టుకోవచ్చు కదా?"

"తీరిక ఏదీ?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

సోమవారం ఆవిడే సెలవు పెట్టి ఆయన్ని పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అచ్చు తీస్తుండగా ఆ పసిపిల్ల మాట గుర్తొచ్చి ఆయనకు నవ్వాగలేదు. అచ్చు పాడైంది. మళ్ళీ తీశారు.