పాసుకూ నాకూ ఎనిమిది

పదో తరగతి లెక్కల్లో నాకు వందకు పంతొమ్మిది వచ్చాయి. ఉదయగిరి బడిలో ఆ ఏడాది అంతకంటే తక్కువ ఎవరికీ రాలేదని చాలా రోజులు అనుకున్నాను. తర్వాత లెక్కలు ఎవరూ చెప్పకుండానే వచ్చాయి. బస్సుల టైములు, బావికి ఎన్ని మెట్లు, చినుకు పడ్డప్పటి నుంచి చూరు కారడానికి ఎంతసేపు, ఇలాంటివన్నీ లెక్కపెట్టుకుంటూ నేర్చుకున్నాను. తొంభైల చివరికి ఆత్మకూరు బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతు నడిపేదాన్ని. ఒక మూల సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు పెట్టాను. పుస్తకం చూసి చిన్న చిన్న ప్రోగ్రాములు రాసేదాన్ని.

ఒక ఏడాది పదో తరగతి ఫలితాల పేపరు నా చేతి నుంచే ఒక పిల్లవాడు తీసుకున్నాడు. తన నంబరు కోసం వెతికి, కనపడక, పేపరు నీటుగా మడిచి ఇచ్చి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. అప్పుడు బూతులో ఒకాయన మద్రాసుకు మాట్లాడుతున్నాడు. మీటరు మీద ఎర్ర అంకెలు చూస్తున్నాను కాబట్టి నాకు తెలుసు, అంతా నలభై సెకన్లు. రెండు రోజులకు ఆ పిల్లవాడు ప్రాణం తీసుకున్నాడని తెలిసింది. ఆ నలభై సెకన్లలో నేను ఒక్క మాట కూడా అనలేదు.

మరుసటి ఏడాది నెల్లూరులో ఫలితాలు ఫ్లాపీలో దొరుకుతాయన్నారు. నంబరు కొడితే మార్కులన్నీ కనపడేలా ప్రోగ్రాం రాశాను. తప్పినవాళ్లకు మాత్రం మార్కులు రావు, ఇంగ్లీషు అక్షరాల్లో ‘రండి, కూర్చోండి’ అని వస్తుంది. పక్కనే బెంచీ, కుండలో నీళ్లు. నలభై సెకన్లను పది నిమిషాలు చేయాలన్నదే నా లెక్క.

ఫలితాలకు వారం ముందు చేజర్ల దగ్గర చెరువుకట్ట పల్లె నుంచి ఒక అమ్మాయి బూతుకు వచ్చింది. వాళ్ల నాయన కూలికి పోతాడు, చెరువులో చేపలు పడతాడు. చిల్లర తీసుకుంటూ నవ్వుతూనే అంది: “లెక్కలు పోతే నేనుండనక్కా.” ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఫలితాల రోజు నా దగ్గరికే రావాలని ఒట్టు వేయించుకున్నాను.

ఆ రోజు పొద్దున్నే జనం. నా గుట్టు అరగంట కూడా ఆగలేదు. ఒక కుర్రాడు వెనక్కి తిరిగి కేకేశాడు.

“రేయ్, అక్క కూర్చోమనిందంటే పోయినట్టేరా!”

అంతే. కూర్చోమంటే ఎవరూ కూర్చోరు. ఫోను చేయడానికి వచ్చిన ఒక ముసలాయనను అలవాటుగా “కూర్చో తాతా” అంటే ఆయన కర్ర ఎత్తాడు. “నేనేం పరీక్ష రాసినాను మా, నన్ను కూర్చోమంటావు?” జనం పగలబడి నవ్వారు. తప్పిన ఇద్దరు కూడా నవ్వారు.

అందరినీ ఆపి, ఆరు నిమిషాల్లో ప్రోగ్రాంలో రెండు లైన్లు మార్చాను. ఇక పాసైనవాళ్లకూ అదే మాట. ముందు కూర్చోవాలి, తర్వాతే మార్కులు. ఇంకో షరతు కూడా పెట్టాను. మన ఊళ్లలో తన నంబరు తను చూసుకోరు, స్నేహితుల చేత చూపించుకుని దూరంగా నిలబడతారు. ఆ రోజు మాత్రం ఎవరి నంబరు వాళ్లే కొట్టాలి. “ఇదేం పెళ్లిచూపులా అక్కా?” అని గొణుగుతూనే అందరూ బెంచీ మీద సర్దుకున్నారు.

ఆ అమ్మాయి సోడా బండి చాటున నిలబడి ఉంది. నేనే చెయ్యి పట్టుకుని తెచ్చాను. అన్నీ పాసు, లెక్కలు ఇరవై ఏడు. అమ్మాయి లేవబోయింది. భుజం పట్టుకుని, ఇన్నాళ్లూ అడగడం చేతకాని మాట అడిగాను.

“చచ్చిపోవాలనిపిస్తా ఉండాదా? దాచొద్దు.”

తల ఊపింది.

“చెప్పినావు, మంచి పని చేసినావు. మీ నాయన వచ్చిందాకా నా పక్కనే ఉండు.”

చేజర్లలో ఫోనున్న కొట్టుకు కబురు చేశాను. బస్సుకు గంటపైనే పడుతుంది. అమ్మాయి నేల చూస్తూ కూర్చుంది. కంప్యూటరులో ఒక నంబరు ముందే దాచి పెట్టాను, అది కొట్టమన్నాను. లెక్కలు: పంతొమ్మిది.

“ఎవరిదక్కా ఇది?”

“నాదే.”

నన్ను చూసింది, మీటరును చూసింది, కంప్యూటరును చూసింది. “పంతొమ్మిదా! ఇంతమంది లెక్క నువ్వే చూస్తా ఉండావు కదా!” కాసేపు వేళ్లు మడిచింది. “అక్కా, పాసుకూ నాకూ ఎనిమిది. నాకూ నీకూ ఎనిమిది. సరిగ్గా నడిమధ్యలో ఉండాను.”

“ఈ లెక్క పరీక్షలో చేసింటే పాసయ్యేదానివి” అన్నాను. నవ్వింది. వారం కిందటి నవ్వు కాదు.

వాళ్ల నాయన చేపల వాసనతో, చెప్పులు లేకుండా దిగాడు. ఆయనను పక్కకు పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దు, తిట్టొద్దు, మనసు బాగాలేకపోతే ఆస్పత్రిలో డాక్టరుకు చూపించు అన్నాను. ఆయన చాలాసేపు తువ్వాలుతో ముఖం తుడుచుకుని కూతురు పక్కన కూర్చున్నాడు.

“ఎనిమిది మార్కులకా మా? వలలోంచి ఎనిమిది చాపలు పోతే నేను మళ్లా వల వెయ్యనా?”

“నీకు ఎనిమిది ఎప్పుడు పడినాయి నాయనా, పోయేదానికి?” అంది కూతురు.

బెంచీ అంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

ఆ రోజే అమ్మాయీ నేనూ ఒక ఏర్పాటు చేసుకున్నాం. రోజూ పొద్దున ఎనిమిదింటికి చేజర్ల కొట్టు నుంచి బూతుకు ఫోను. ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తే ‘బాగుండాను’ అని, రెండు రింగులైతే ‘మాట్లాడాలి’ అని. డబ్బు పడదు. నేను రోజూ ఐదు నిమిషాల ముందే ఫోను దగ్గర కూర్చునేదాన్ని. ఒకరోజు రెండు రింగులు వచ్చాయి. వెంటనే తిరిగి చేశాను.

“ఏంది మా, ఏమైంది?”

“వర్గమూలం రావడంలేదక్కా.”

వర్గమూలం ఫోనులో చెప్పాను. మధ్యలో నేనే ఒకసారి తప్పు చెబితే దిద్దింది. మంగళవారాలు బూతుకు వచ్చి, నేను రాసిన లెక్కల ప్రోగ్రాం ముందు కూర్చునేది. తప్పు చేస్తే అది ‘మళ్లీ చూడు’ అనేది, అంతకంటే ఏమీ అనేది కాదు.

సప్లిమెంటరీకి నలభై మూడు వస్తాయని నేను లెక్క కట్టాను, ఎనిమిది చొప్పున మెట్లు ఎక్కుతుందని. బూతుకు వచ్చి తన నంబరు తనే కొట్టింది, నలభై ఒకటి వచ్చాయి. లెక్క తప్పినా ఇంత సంతోషం నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

“కూర్చో మా, నీళ్లు తాగి పోదువు” అన్నాను.

“కూర్చోనక్కా, నాయన బస్సు ఆపి ఉండాడు!” అని కేకేసి, పరిగెత్తి ఎక్కేసింది.

బూతులో ఎవరో మాట్లాడుతుంటే అలవాటు కొద్దీ మీటరు చూశాను. ఇరవై రెండు సెకన్లు. ఈసారి అమ్మాయిని ఆపలేదు.