రెండు కథలు, ఒకే చిరిగిన పేజీ

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. కూరగాయలు తూచేటప్పుడు కూడా తక్కెడ ముల్లు మీదే నా కన్ను. నాంపల్లిలో నేను పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీలో కథల పోటీ పెట్టి, తొలి వలపు మీద రాయమన్నారు. దిద్దే పని నా నెత్తిన పడింది. చాలామంది చూసిన సినిమాలన్నీ కలిపి ముద్దచేసి ఇచ్చారు. రెండు మాత్రం కథల్లా ఉన్నాయి.

ఒకటి మా చర్చి క్వైర్‌లో పాడే సికింద్రాబాద్ అమ్మాయిది. రెండోది మెదక్ దగ్గరి పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న అమ్మాయిది. వేరే వేరే క్లాసులు, ఒకరికొకరు ముఖపరిచయం కూడా లేదు. కానీ రెండు కథల్లోనూ కోచింగ్ సెంటర్ సారు ఒకడు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొంటాడు. ఎవరిదో పేరున్న మొదటి పేజీ చింపేసి, "ఇది నీకోసమే పుట్టిన పుస్తకం" అంటూ ఇస్తాడు. మాటకు మాట అదే! ఓహో, నా చెవిలోనే పువ్వు పెడుతున్నారా అనుకున్నాను.

ముగింపులు వేరు. పల్లె అమ్మాయి కథలో పిల్ల ఆ పుస్తకాన్ని దిండు కింద పెట్టుకుని సారు ఫోన్ కోసం చూస్తుంటుంది. క్వైర్ అమ్మాయి కథలో పిల్ల మరో ఆదివారం అదే ఫుట్‌పాత్ మీద ఆ సారును ఇంకో అమ్మాయితో చూసి, సుల్తాన్ బజార్ దాకా ఏడ్చుకుంటూ నడుస్తుంది. ఇదే అసలు, అది నకలు అని తేల్చేశాను. మా చర్చి పిల్ల కాపీ కొట్టదని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నా బుద్ధి అలా ఏడ్చింది, అంతే.

హాస్టల్ అమ్మాయిని స్టాఫ్‌రూమ్‌కు పిలిచాను.

"నేను కాపీ కొట్టలే మేడమ్. గట్లెందుకు చేస్త?"

"మరి ఇదేంటి? చదువు, పైకి చదువు" అని క్వైర్ అమ్మాయి కథను ముందు పడేశాను.

చదివింది. పేజీ చింపిన చోట గొంతు తగ్గింది. అక్కడైనా ఆపాల్సింది నేను. ఆపలేదు, దొంగ దొరికిందన్న సంబరంలో ఉన్నాను. ఆఖరి పేజీలో, సారు పక్కన తెగిన చెప్పు చేత్తో పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి దగ్గర తనే ఆగిపోయింది.

"మేడమ్, గీ పిల్ల నేనే."

కాగితం నా వైపు తిప్పి, ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

"చెప్పు తెగిన సంగతి సిగ్గయి నేను కథల రాయలే. గామెకెట్ల తెలిసింది?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే తనకే తెలిసిపోయింది.