విజయవాడ నుంచి గంటే

మా బావ పోయాడు. బావంటే అక్క భర్త. నిద్రలోనే ఊపిరి ఆగిపోయిందని విశాఖ పక్కనున్న ఆనందపురం నుంచి ఉదయం ఆరింటికి అక్క ఫోను చేసింది. విజయవాడలో మంచం మీద కూర్చుని విన్నాను. విశాఖకు ఏడున్నరకు రైలుంది, పదకొండున్నరకు విమానముంది. విమానమైతే గంటే కదా అనుకున్నాను. "ఒంటిగంటకల్లా వచ్చేస్తాను, అప్పటిదాకా దహనం ఆపించక్కా" అన్నాను.

బావ ముప్పయ్యేళ్లు విశాఖ విమానాశ్రయం దగ్గర టాక్సీ నడిపాడు. పోర్టు ఆఫీసర్లనీ, స్టీల్ ప్లాంటుకొచ్చే ఇంజినీర్లనీ ఇళ్ల దగ్గర దింపేవాడు. తను మాత్రం ఒక్కసారీ విమానం ఎక్కలేదు. ఎవరైనా బండిలో కూర్చుని గంటలో వచ్చేశామంటే ఆయనకు ఒళ్లు మండేది. "ఇంటికాడ సెప్పులు ఎన్నింటికి ఏసుకున్నారు బాబూ?" అని అడిగేవాడు. వాళ్లు వేళ్లు మడిచి లెక్క చూసుకునేవారు.

నన్నూ ఆయన బావ అనే పిలిచేవాడు. "ఏటి బావా, గాల్లో ఉన్నదొక్కటే పెయాణమా? సెప్పులేసుకున్న కాణ్నించి ఇప్పినకాడికి లెక్కెట్టు" అనేవాడు.

ఒకసారి విజయవాడలో పెళ్లి చూసుకుని ఆయనా అక్కా పొద్దున్నే రైలెక్కారు. నేను గొప్పకు పోయి విమానమెక్కాను. ఆనందపురం చేరేసరికి ఆయన స్నానం చేసి, లుంగీ కట్టుకుని, అరుగు మీద టీ తాగుతున్నాడు. వెక్కిరిస్తాడనుకున్నాను. తన గ్లాసు నా చేతికిచ్చి, "అలిసిపోనావు, ముందు తాగు" అన్నాడంతే. గెలిచి కూడా ఎదుటివాణ్ణి చిన్నబుచ్చని మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు.

అలాంటి మనిషి పోయిన రోజున కూడా నేను గాల్లో గంటనే లెక్కపెట్టాను. విశాఖలో వాన. విమానం రెండున్నరకు గాని లేవలేదు. ఆలస్యమని చెబుదామని అక్కకు ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. కిటికీ పక్కన కూర్చున్న నాకు ఎవరి మీదా కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేకపోయింది. దిగాక టాక్సీ మద్దిలపాలెం దగ్గర బస్సుల వెనక అరగంట ఆగింది. ఐదు దాటాక అక్కావాళ్ల వీధి మలుపు తిరిగితే, తడి తువ్వాళ్లు భుజాన వేసుకుని మగవాళ్లు ఎదురొచ్చారు. స్నానాలు చేసి తిరిగొస్తున్నారు. ఒకాయన కారులోకి చూసి, తల దించుకుని పక్కకు తప్పుకున్నాడు.

ఇల్లు కడిగేశారు. అక్క తడి గచ్చు మీద గోడకానుకుని కూర్చుని ఉంది. నేను ఏదో చెప్పబోయాను.

"ఒంటిగంటన్నావని మూడు దాకా మొకం మీద గుడ్డ కప్పనివ్వలేదు తమ్ముడూ" అంది. "నువ్వొచ్చి సూత్తావని ఇసురుతానే ఉన్నాను."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. విసనకర్ర ఇంకా చేతిలోనే ఉంది. ఖాళీ గచ్చు వైపు తిరిగి మెల్లగా విసురుతూనే ఉంది.