జత కూడా ఇవ్వు

మాస్టారికి బాగుచేయమని పాడైన వస్తువు ఒక్కటే ఇస్తే ఒప్పుకునేవారు కాదు, దాని జత కూడా ఇవ్వాల్సిందే. కప్పు పిడి ఊడితే పిడి ఉన్న కప్పునూ పట్టుకుపోయేవారు. చెప్పు తెగితే తెగని చెప్పునూ విప్పించేవారు. ఆయన ల్యాబులో కొత్తగా చేరిన పిచ్చుకకు ఇది వింతగా తోచింది. ఎక్కడా కుదురుగా కూర్చోదని ఆ అమ్మాయికి అందరూ పెట్టిన పేరది.

"తెగింది ఎడమది కదా మాస్టారూ, కుడిది ఎందుకు?"

"చూసి కుట్టొద్దూ? జత చూడకుండా చేసేది రిపేరు కాదమ్మాయ్, అతుకు."

ఆ పూటంతా పిచ్చుక వరండాలోనే కూర్చుంది. ఉత్త కాళ్లతో ల్యాబులోకి రాకూడదన్న నియమం పెట్టింది కూడా ఆయనే మరి.

ఇంతకీ ఆయన పని చెప్పులు కుట్టడం కాదు, రొమ్ము క్యాన్సర్ ఎలా మొదలవుతుందో వెతకడం. పాఠం మాత్రం ఎటు తిరిగినా చెప్పుల దగ్గరికే వచ్చేది.

"కణంలో డీఎన్ఏ పోగు తెగుతూనే ఉంటుంది. బాగుచేసే ప్రోటీన్లు జత పోగును చూసి, ఉన్నదున్నట్టు అల్లుతాయి. ఆ పనివాళ్లు సరిగ్గా లేకపోతే కణం కొసల్ని ఎలాగోలా అతికించేసుకుంటుంది. తప్పులు పేరుకుంటాయి. ఏనాటికో అక్కడ గడ్డ పుడుతుంది."

"మరి జత చూసి కుట్టిన నా చెప్పు మళ్లీ తెగిందేం?"

"అది పనివాడి లోపం. సిద్ధాంతానికి ఢోకా లేదు."

పిచ్చుక పగలబడి నవ్వేది. ఒక్క విషయంలోనే నవ్వు వచ్చేది కాదు. వాళ్ల అమ్మా, పిన్నీ ఆ జబ్బుతోనే పోయారు. ఆ బాగుచేసే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో లోపం తనకూ వచ్చిందేమో పరీక్ష చేయించుకోవాలి. ఆసుపత్రి గేటుదాకా వెళ్లేది, ఏదో పని గుర్తొచ్చినట్టు తుర్రుమనేది.

ఒకరోజు మాస్టారు "నాకూ అటు పనుంది, పద" అని వెంట బయల్దేరారు. ఆసుపత్రి వరండాలో కూర్చోగానే ఆమె కాళ్లకేసి చూశారు.

"పట్టీ తెగేలా ఉంది. ఇలా ఇవ్వు."

"ఇక్కడా?"

"జత కూడా."

అలవాటు కొద్దీ ఇచ్చేసింది. ఆయన రెండూ ఒళ్లో పెట్టుకుని జేబులోంచి సూది తీశారు. నర్సు ఎవరినో పిలిచినప్పుడల్లా పిచ్చుక లేవబోయేది. బయట కంకర రోడ్డు, అరికాళ్లు కాలే ఎండ. మళ్లీ కూలబడేది.

"అయిందా మాస్టారూ?"

"ఇంకొక్క కుట్టు."

ఆమె లోపలికెళ్లి రక్తం ఇచ్చి వచ్చేదాకా ఆ కుట్టు పడనే లేదు. చెప్పులు తిరగేసి చూసింది. ఆయన చేతిలోని సూదికి దారమే లేదు.

"ఇవి తెగలేదుగా మాస్టారూ!"

"తెలుసమ్మా. నువ్వు పారిపోతావని తీసుకున్నా."

లోపం ఉందనే తేలింది. పిచ్చుక చాలా ఏడ్చింది. కానీ తెలిసింది కాబట్టి ఏటేటా పరీక్షలు మానలేదు. ఒక ఏడాది కందిగింజంత గడ్డ కనబడితే ముదరకముందే తీసేశారు. బతికి బట్టకట్టింది.

ఇప్పుడు ఆ ల్యాబు పిచ్చుకదే. జుట్టు నెరిసినా పేరు మాత్రం పోలేదు. చూపు మందగించి మాస్టారు సూది పక్కన పెట్టేశారు. ల్యాబులో ఏ కప్పు పిడి ఊడినా ఆమెకు ఆయనే గుర్తొస్తారు. పరీక్ష రోజున మాత్రం ఆసుపత్రి వరండాలోంచి ఆయనకు తప్పకుండా ఫోన్ చేస్తుంది. ఈసారీ చేసింది.

"వచ్చి కూర్చున్నాను మాస్టారూ."

"చెప్పులేవీ?"

"కాళ్లకే ఉన్నాయి. ఇప్పుడు పారిపోవడం మానేశానుగా!"

"అయినా సరే, విప్పు."

పిచ్చుక అటూ ఇటూ చూసి, నవ్వుకుంటూ రెండూ విప్పేసింది.